పుట్టి కింద ఎలుగు

“పుట్టి బోర్లేసినవా?” అని అడిగిండు మా ఆయన.

“ఏసిన. దవాఖానల పండుకొని గూడ నీకు గదే రంది” అన్న.

“ఎండల ఉంచకు. డాంబరు కారుతది.”

గవే మా ఇద్దరికి ఆఖరి మాటలు. తెల్లారేసరికి మనిషి లేడు.

నిన్న వాకిట్ల రాళ్లపొయ్యి మీద డాంబరు కాగుతుంటె, ఆ వాసనకు ముందుగాల ఆయన యాదికొచ్చిండు, ఆయన ఎన్క మా నాయిన. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెప్తున్న, మా అన్న బిడ్డ సుజాత రాస్తుంది.

మాది గద్వాల దిక్కు కృష్ణ ఒడ్డున ఊరు. పుట్టంటె వెదురు బద్దలతోని గుండ్రంగ అల్లిన పడవ, పెద్ద గంప లెక్క ఉంటది. మా ఇంట్ల కొత్త పుట్టి ఎన్నడు సూడలే, ఎవరో వాడి ఇడిసిందే మా నాయిన తెస్తుండె. ఎండకాలం ఏరు సన్నగయ్యి బండలు తేలినప్పుడు, మేము పిల్లలం చింతగింజలు అరగదీసి ఆ బండల మీద అష్టాచెమ్మ ఆడుతుంటె, మా అమ్మ జొన్నరొట్టెల మీద పల్లికారం ఏసి సద్ది తెస్తుంటె, మా నాయిన బీడి పండ్ల నడుమ పెట్టుకొని పుట్టి తోలును ఆవుదూడ ఈపు నిమిరినట్లు నిమురుతుండె. గప్పట్ల పుట్టికి తోలు కప్పుతుండ్రి, ఇప్పుడు యూరియా సంచులు కుట్టి డాంబరు పూస్తున్నరు.

సన్న సన్న చిల్లులు పైనుంచి కండ్లకు ఆనయి. అందుకే మిట్టమధ్యాహ్నం పుట్టి బోర్లేసి నన్ను దాని కిందికి దూరమంటుండె. లోపల చీకటి, తోలు కంపు, శాపల కంపు, చెమటలు కారుతుండె. జర సేపటికి ఆడొకటి ఈడొకటి ఎలుగు సుక్కలు కనపడుతుండె. ఎలుగు ఏడ కారితె ఆడికెల్లి చీపురుపుల్ల బయటికి దూరుస్తుంటి. బయట మా నాయిన ఆ పుల్ల గుంజి, గుడ్డపేలిక మీద ఏడి డాంబరు పెట్టి అతుకేసి, “ఇంగొకటి, బిడ్డా” అంటుండె. అతుకు ఎప్పుడు బయటి దిక్కుకెల్లే ఏయాలె. నీళ్లు బయటికెల్లి నూకుతయి, అతుకును ఇంకింత గట్టిగ అదుముతయి. లోపలికెల్లి ఏస్తె ఊడబెరుకుతయి. పని అయినంక గంగమ్మకు రొట్టె బెల్లం మలిదె పెట్టి పుట్టి నీళ్లల్ల ఇడుస్తుంటిమి. ఆ మలిదె తీపి ఇప్పటికి నాలిక మీద ఉంది.

పెండ్లయినంక గదే పని. నేను లోపల, మా ఆయన బయట. నేను పుల్ల దూర్చుడు, ఆయన గుంజుడు.

ఆయన పోయినంక మా మరిది ఎంకటేశు వచ్చి, ఆ పాత పుట్టికే లోపలికెల్లి పెద్ద ప్లాస్టిక్ ముక్క అతికిచ్చి నీళ్లల్ల ఏసిండు. ఒడ్డు దాటకముందే పాదాలు మునిగినయి.

“వదినా, ఇది అయిపాయె. ఎగువ డ్యాం గేట్లెత్తి నీళ్లు రాకముందే పెబ్బేరు దిక్కు ఎవరికన్న ఇచ్చేస్త. ఆడిమనిషివి, నువ్వేడ తెడ్డు ఏస్తవు?”

“పుట్టి పోతె నేనేం తినాలె, నీ మీసాలా?” అన్న.

మరిది ఏసిన అతుకు పీకి పారేసిన. ఎండల పుట్టి బోర్లేసి కిందికి దూరిన. పెద్దమనిషినైన, మోకాళ్లు పట్టినయి. ఎలుగు కారిన కాడల్ల పుల్ల దూర్చిన. బయట గుంజేటోళ్లు లేరు. ఇగ నేనే బయటికొచ్చి సూస్తె, పుట్టి మీద పుల్లలు ముండ్లపంది ఈపు తీర్గ నిలబడ్డయి. ఒక్కొక్కటే గుంజిన, ఒక్కొక్కటే అతికిన.

ఇయ్యాల పొద్దుగాల మరిదిని పిలిచి, “పుట్టిల నువ్వే కూసో” అన్న. కూసున్నడు. తెడ్డు నేనే ఏసిన. నడి ఏటిల మరిది అడుగంత అరిచేతితోని తడిమి తడిమి సూసి, “ఏది వదినా, తడి లేకపాయె” అన్నడు.

“లుంగీ పిండుకోను తయారయి వచ్చినవు గద” అన్న. నవ్విండు. ఇచ్చేసే ముచ్చట మల్ల ఎత్తలే.

ఇప్పుడు మా ఒడ్డున తోలు పుట్టి ఒక్కటి లేదు. తోలు నానబెట్టిన గుంతలు పూడిపోయినయి. బండల మీది అష్టాచెమ్మ గీతలు దిగువ డ్యాం కట్టినంక నిలిచిన నీళ్ల కింద ఉన్నయి. మా నాయిన లేడు, మా ఆయన లేడు. పుట్టి ఉంది. రేపు వల ఏస్త.

సుజాతా, కలం కింద పెట్టు. ఇప్పుడు మొదటికెల్లి బయటికి సదువు, నేను కండ్లు మూసుకొని ఇంట. ఈ ముచ్చట్ల ఏడ ఎలుగు కారితె ఆడ ఆపుత.