శత్రువు లేని యోధులు

"టోపీల సంగతి చిన్నమ్మకు నువ్వే చెప్పినవ్. పొద్దంతా ఆమె ఎనక తిరిగేది నువ్వొక్కదానివే" అన్నాడు మా పెద్దమ్మ కొడుకు.

"నేను చెప్పలే. నువ్వే నిద్రల పలవరించి ఉంటవ్."

"కమాండర్ పలవరించడు."

"నిన్న పలవరించినవ్. అమ్మా, ఇంకో గారె అన్నవ్."

ఆ రోజుల్లో చర్ల పక్కన మా ఊరికి కథల పుస్తకాలు వచ్చేవి కావు, పొట్లాలు వచ్చేవి. పప్పు కట్టిచ్చిన కాగితాన్ని కూడా నేను పారేసేదాన్ని కాదు (ఇప్పటికీ పారేయను, మనవరాళ్లు నవ్వుతారు, నవ్వనీ). అలా ఒక పొట్లం విప్పి సాపు చేస్తే నక్షత్రాల నడుమ తిరిగే రహస్య యోధుల కథ కనిపించింది. ఆ కాగితంలో వాళ్లు ప్రమాణం చేస్తున్నారు. తర్వాతి బెల్లం పొట్లంలో తమలోని ద్రోహిని వెతుకుతున్నారు. అసలు ఎవరితో యుద్ధమో చెప్పే నడిమి పేజీ ఏ సరుకు చుట్టుకుని ఎవరింటికి పోయిందో తెలియదు. వేసవి సెలవులకు ఖమ్మం నుంచి వచ్చిన ఈ పెద్దమ్మ కొడుకు, మా అన్న, ఆ రెండూ చదివి తాను కమాండరై, నన్నూ మా తమ్ముణ్ణీ పక్కింటి బక్కోణ్ణీ యోధులను చేశాడు. శత్రువు లేడు గనుక రోజూ ద్రోహిని వెతకడమే మా పని.

చేనుకు జావ పట్టుకెళ్లే రెండు సొరబుర్రలను నిలువునా కోసి నాలుగు టోపీలు చేసుకుని గడ్డివాములో దాచాం. అవి అమ్మకు దొరికాయి. "ఎవరు కోసిండ్రో తేలుస్త" అంది. (గేదెకు గడ్డి తీయబోతే చేతికి తగిలాయట. ఆ మాత్రం మాకెవరికీ తట్టలేదు.) ద్రోహిని గుంపులోంచి వెలివేస్తానని కమాండర్ తీర్పు చెప్పాడు. నాకు దిగులైంది. అయిదో తరగతితో బడి మానిపించారు. ఈ ఆట కూడా పోతే నాకు మిగిలేవి అంట్లగిన్నెలే.

"పరీక్ష పెట్టు" అన్నాను.

అన్న నల్లజీడి గింజ తెచ్చాడు. బట్టలుతికేవాళ్లు గుర్తు పెట్టేది దానితోనే. ఆ మరక ఎన్ని ఉతుకులకైనా పోదు.

"నుదుటి మీద చుక్క పెడ్త. ద్రోహికి నిలవదు. తెల్లారి ఎవరికి లేకుంటే వాళ్లే."

"ముందు నువ్వు పెట్టుకో."

"కమాండర్‌కు ఎందుకు?"

"గారెలు అడిగినోనికి కూడా ఉండాలె."

పెట్టుకున్నాడు. మా అందరికీ పెట్టాడు. రసం దండగ కావద్దని మిగిలింది కూడా నేను నా నుదుటికే పూయించుకున్నాను. అది బట్టకు పెట్టేదే గాని తోలుకు కాదని మాకు తెలియదు.

తెల్లారి లేచేసరికి ముఖం వాచి నా కళ్లు రెండూ మూసుకుపోయాయి. అన్నకూ అంతే. బక్కోడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బొద్దుగా కనిపించాడని అమ్మ అంది. బుర్రలు ఎవరు కోశారని మాత్రం ఆమె అడగలేదు. మమ్మల్ని వరసగా అరుగు మీద కూర్చోబెట్టి ముఖాలకు కొబ్బరినూనె రాసింది. తమ్ముడి నుదురు మాత్రం నున్నగా ఉందట. జిగురుగా ఉందని వాడు చుక్క పెట్టిన వెంటనే చొక్కాతో తుడిచేసుకున్నాడు.

"వీడే ద్రోహి" అని కమాండర్ గోడ వైపు వేలు చూపించాడట.

ఆ ద్రోహే మమ్మల్ని ఒక్కొక్కరిగా చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి నడిపించాడు. పళ్లు తోమించి, మళ్లీ తెచ్చి కూర్చోబెట్టి జావ పోశాడు. నాకు కళ్లు కనిపించకపోయినా గ్లాసు బరువు చేతికి తెలిసింది. నాకు కొంచెం ఎక్కువే పోశాడు.