అమ్మ ఫోర్కు ఎత్తేదాకా

లోర్నా టాకెట్ భోజనాల గదిలోకి అడుగుపెడితే ఫ్రెటర్నిటీ అనే విద్యార్థి సంఘం ఇంట్లో ఉండే కాలేజీ కుర్రాళ్లంతా లేచి నిలబడతారు. ఆమె కూర్చుని ఫోర్కు ఎత్తేదాకా ఎవరూ పళ్లెం ముట్టరు. భర్త పోయాక ఆమె ఆ ఇంటి పెద్దదిక్కుగా చేరింది, వాళ్లందరికీ అమ్మే. ఎవరి టై వంకరగా ఉన్నా వేలితో సరిచేస్తుంది. బల్ల మీద మోచెయ్యి ఆనిస్తే చెంచాతో ఒక్కటి వేస్తుంది. చర్చిలో ఎవరైనా "మీ తాగుబోతు మూక కులాసాయేనా?" అని ఎకసెక్కమాడితే, "మీ పిల్లలు మిమ్మల్ని చూసి లేస్తారా?" అని నోరు మూయిస్తుంది. పార్టీ రాత్రుల్లో మాత్రం చెవి మిషను తీసి పక్కన పెట్టుకుని పడుకుంటుంది.

సంఘంలోకి కొత్తవాళ్లను చేర్చుకునే రాత్రి కూడా అలాగే పడుకుంది. కింద నేలమాళిగలో పాతవాళ్లు బలవంతంగా నోటికి పట్టిన మందు సీసాలు తాగి వెస్లీ అనే కొత్త పిల్లాడు పడిపోయాడు. నిద్రపోతున్నాడనుకున్నారట, తెల్లారేసరికి చల్లబడిపోయాడు.

వాణ్ని పాతిపెట్టి వచ్చిన సాయంత్రం కూడా ఆమెను చూసి అందరూ లేచారు. సంఘం ప్రెసిడెంటు బ్రాంట్లీ కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

"తినండమ్మా, చికెన్ చల్లారిపోతోంది."

"వాడు పడిపోతే ఎవడు లేచాడ్రా?"



"మీకూ ఏమీ వినబడలేదు కదమ్మా," అన్నాడు బ్రాంట్లీ మెల్లగా.

ఆమె చెయ్యి ఫోర్కు దాకా పోయి ఆగిపోయింది. ఆమె నేర్పిన మర్యాద మరవని పిల్లలు, మోచేతులు బల్లకు ఆనకుండా, ఎప్పుడెత్తుతుందా అని చూస్తూ కూర్చున్నారు.