పొంగు మీద ఆముదం చుక్క

నా చిన్నప్పుడు నాకు కుక్కలన్నా చీకటన్నా భయం ఉండేది కాదు. కాలు పోతే ఎలా అన్న భయం మాత్రం ఒకనాడు గట్టిగా పట్టుకుంది. ఈ వయసులో మళ్ళీ ఆ భయంతోనే నిద్ర లేస్తున్నాను కాబట్టి ఆనాటి సంగతి చెప్పాలనిపిస్తోంది.

రావికమతం దగ్గర మా మావయ్యకు చెరకు తోట ఉండేది. బెల్లం వండే రోజుల్లో పిల్లలమంతా గానుగ దగ్గరే ఉండేవాళ్ళం. పెద్ద పెనంలో రసం చిక్కబడి పాకమవుతుంటే, చెరకు ముక్క ముంచుకుని నాకడం మాకు పెళ్ళి భోజనంతో సమానం. దగ్గరకు రావద్దని మావయ్య ఎంత కసిరినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆ రోజు నేను అందరికన్నా ముందుకు వంగాను. పాకం చిట్లి నా పాదం మీద పడింది.

ఆ మంటను చెప్పడానికి నాకు ఇప్పటికీ మాటలు చాలవు. మావయ్య నన్ను ఎత్తుకెళ్ళి కాలిని చన్నీళ్ళ తొట్టిలో పెట్టాడు. చెరకు పిప్పి ఎండబెడుతున్న ముసలమ్మ తొంగి చూసి, "ఓలమ్మో, పిల్లకి కాలు పోద్దేటో!" అంది. పాకం కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది. ఏడుపు కూడా రాక కొయ్యబారిపోయాను.

మావయ్య ఆవిణ్ణి కసిరి పంపేసి నా పక్కన కూర్చున్నాడు. ఎదురుగా ఇంకో పెనంలో రసం పొంగి అంచుదాకా వచ్చింది. పనివాడు కాస్త ఆముదం వేయగానే నురగ అణిగిపోయింది. గానుగ దగ్గర రోజూ జరిగేదే అది.

"సూసేవా అమ్మీ? ఇప్పుడు కళ్ళు మూసుకో. నీ కాల్లో మంట కూడా అలాగే పొంగతంది. నాను ఆముదం సుక్క ఏత్తన్నాను. నురగ దిగతంది... ఇంకా దిగతంది..."

అలా ఒకే గొంతుతో, తొందర లేకుండా చాలాసేపు చెబుతూనే ఉన్నాడు. మూసిన కళ్ళ వెనక నాకు నిజంగానే ఆ నురగ కనిపించింది. అది దిగుతుంటే నా ఊపిరి కూడా కుదుటపడింది. మంట ఉంది కానీ, నన్ను మింగేసేటంత లేదు.

అంతే, ధీమా వచ్చేసి పరుగెత్తబోయాను. మావయ్య జబ్బ పట్టుకుని ఆపి పెనం కిందికి చూపించాడు. పొయ్యి భగభగా మండుతూనే ఉంది.

"నురగ అణిగిందని పొయ్యి ఆరిపోయిందనుకుంతన్నావేటి? పద, డాట్రుగోరి కాడికి పోదాం," అని నన్ను భుజాన వేసుకున్నాడు.

ఆ పుండు మానిపోయింది. నడివయసు దాటాక నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. నరాల జబ్బు. నిప్పు లేకుండానే కాళ్ళు మండుతాయి, ఒక్కోసారి కర్రల్లా బిగుసుకుంటాయి. ఏ ఉదయం అవి నా మాట వినడం మానేస్తాయో తెలియదు. మంచం దిగేముందు కాలి వేళ్ళు కదిపి చూసుకుంటాను. అవి కదిలాకే దుప్పటి తీస్తాను.

మందులకు, ఇంజెక్షన్లకు తోడుగా, నొప్పిని ఓర్చుకోవడానికి పనికొస్తుందని డాక్టరుగారు నన్ను హిప్నోథెరపీకి, అంటే మాటలతో మనసును కుదుటపరిచే వైద్యానికి, పంపారు. ఎవరో వచ్చి నా మనసును లాగేసుకుంటారేమోనని భయపడుతూనే వెళ్ళాను. తీరా చూస్తే మా అమ్మాయి వయసు మనిషి! కళ్ళు మూసుకుని హాయినిచ్చే చోటు ఏదైనా తలుచుకోమంది. ఏటి ఒడ్డో, తోటో చూడవలసిన దాన్ని, నేను పెనం చూశాను. నురగ దిగింది. నాకు ఏడుపొచ్చింది.

కొన్నాళ్ళకు నొప్పి తగ్గేసరికి, ఇక ఇంజెక్షన్లు ఎందుకు అనిపించింది. ఇరుగుపొరుగు కూడా వంత పాడారు. ఆ రోజు మావయ్య పట్టుకున్న జబ్బ దగ్గర ఎవరో మళ్ళీ పట్టుకున్నట్టయింది. ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి వెళ్ళాను.

భయం పోలేదు, పోతుందని కూడా అనుకోను. రోజూ పొద్దున్న మంచం మీదే కళ్ళు మూసుకుని ఆముదం చుక్క వేసుకుంటాను. నురగ దిగాక, కింద పొయ్యి ఉందని ఒకసారి గుర్తు చేసుకుంటాను. అప్పుడే నేల మీద కాలు పెడతాను.