నీడపట్టు మూలలో కనకాంబరాలు

నా చిన్నప్పుడు నేనడిగిన మాటకు జవాబు చెప్పకుండా ముఖం తిప్పుకుని వెళ్ళిన మా చర్చి సంఘపెద్దను నేనింకా మరిచిపోలేదు. ఇప్పుడు మా సమాధుల తోట కమిటీ వాళ్ళూ అదే పని చేస్తున్నారు. వెనక మూల చదును చేసి సిమెంటు పలకలు పరుస్తారని విన్నాను. ఆ మూలలో మా అమ్మ ఉంది. ఆవిడ సమాధి మీద కనకాంబరాలున్నాయి. వాటి సంగతేంటని ఆరాధన అయ్యాక అడిగాను, సంఘం వాట్సాప్ గ్రూపులో మెసేజి పెట్టాను, సెక్రటరీ ఇంటికీ వెళ్ళాను. "చూద్దాం అంకుల్" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా. అందుకే ఆ మొక్కలు అక్కడికి ఎలా వచ్చాయో కమిటీ ప్రెసిడెంటు గారికే రాస్తున్నాను. తెలియక తీసేశామని రేపెవరూ అనకూడదు.

అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. గేటు దగ్గర ఎండ తగిలే స్థలమంతా పెద్ద కుటుంబాలకని చెప్పి, సంఘపెద్ద మాకు వెనక మూల చూపించాడు. పైన నిద్రగన్నేరు చెట్టు, పక్కన ఎత్తు గోడ. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ నేల చెమ్మగానే ఉండేది. నేను బంతి నారు తెచ్చి నాటాను. సన్నగా సాగి, మొగ్గ తొడక్కుండానే కుళ్ళిపోయింది. మళ్ళీ నాటితే మళ్ళీ పోయింది. ఇంతలో సమాధుల పండుగ వచ్చేసింది. ఆ రోజు ఊరంతా వచ్చి సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టుకుంటారు. నాన్న దండ కొందామన్నాడు. సాయంత్రానికి వాడిపోయే దండ నాకొద్దన్నాను. మా అమ్మ దగ్గర పూలు పూయాలి, నాకు కావలసింది అంతే.

పండుగనాడు సంఘపెద్ద అందరినీ పలకరిస్తూ వస్తుంటే ఎదురెళ్ళి నిలబడ్డాను. మా అమ్మకు ఎండ తగిలే చోటు ఎందుకివ్వలేదని అడిగాను. నా తల మీదుగా ఎవరినో పలకరించాడు. మళ్ళీ అడిగాను. దారికడ్డం వచ్చిన దూడను తోసినట్టు నన్ను చేత్తో పక్కకు జరిపాడు. నాన్న ఆయన చేలోనే పని చేసేవాడు. రమ్మని కళ్ళతో బతిమాలాడు. నేను కదల్లేదు.

అప్పుడు మా మేనత్త వచ్చి నా రెక్క పట్టుకుని అమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ బడిలో పంతులమ్మ, ఎవరికీ జంకేది కాదు. కొంగు ముడి విప్పి ఎండిన కాయలు కొన్ని మట్టి మీద వేసి, చెంబులో నీళ్ళు చల్లింది. నోరు మూసుకుని చూడమంది. ప్రార్థన కోసం అందరూ ఆ చెట్టు నీడకే వచ్చారు. సంఘపెద్ద మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అంతలో టప్పున ఒక కాయ పేలింది. వెనకే ఇంకోటి. ఆయన ఉలిక్కిపడి, గింజ తగిలిన మెడ తడుముకుంటూ వెనక్కి తిరిగాడు.

"ఏంటమ్మా అది?"

"కనకాంబరం కాయలండీ. తడి తగిలితే పేలతాయి. పిల్లాడు రెండుసార్లు అడిగితే తిరగలేదు మీరు, కాయ పేలితే తిరిగారు."

ఎవరో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. సంఘపెద్ద తలెత్తి చెట్టు కొమ్మలకేసి చూశాడు.

"ఈ నీడలో ఏం మొలుస్తుందమ్మా?"

"ఇది నీడలోనే బాగుంటుందండీ. మొలిస్తే ఈ మూల జోలికి ఎవరూ రాకూడదు. నలుగురి ముందూ మాటివ్వండి."

"సరే, రారు. ముందు మొలవనీ" అన్నాడు.

చెదిరిన గింజలు ఏరి నాటాం. అత్త చెప్పినట్టు గోదారి ఇసుక కలిపి, నీళ్ళు నిలవకుండా మట్టి ఎత్తు చేశాను. రోజులు గడుస్తున్నా నేల ఉలకలేదు. దారిలో కనపడితే సంఘపెద్ద "ఏంట్రా, మొలిచిందా?" అనేవాడు. ఆ ముఖం గుర్తొస్తే నీళ్ళు పొయ్యబుద్ధి కావడంలేదని అత్తతో అన్నాను.

"తిట్టుకుంటూనే పొయ్యరా. నీ ముఖం ఎలా ఉంటే మొక్కకేంటి?" అంది.

తిట్టుకుంటూనే పోశాను. ఒక పొద్దున రెండాకులు కనిపించాయి. కలుపు కాదని అత్త చెప్పాకే నమ్మాను. తర్వాతి వానల్లో కంకి వేసి, కాషాయం రంగు పూలు విచ్చుకున్నాయి. సంఘపెద్ద చూసి తన దారిన వెళ్ళాడు. నాన్న పనీ పోలేదు. ఎండ చోటు ఎందుకివ్వలేదో మాత్రం సంఘపెద్ద తను పోయేదాకా చెప్పలేదు.

అప్పటినుంచీ ఆ మొక్కల్ని నేనే చూసుకుంటున్నాను. పూసి ఎండిన కంకులు తుంచేస్తాను, ముదిరినవి కత్తిరిస్తాను, ఖాళీ అయినచోట కొత్త గింజ వేస్తాను. కోపం పోగొట్టుకోమని మా అత్త నాకు చెప్పలేదు. కోపం ఉన్నా చేతిలో పని ఆపొద్దని నేర్పింది. అడగాల్సింది నలుగురి ముందు అడగాలని కూడా ఆవిడే నేర్పింది.

ఆ మాటిచ్చినప్పుడు విన్నవాళ్ళలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. కమిటీ ప్రెసిడెంటు గారూ, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా ఉండగా లేచి నిలబడతాను. మా అమ్మ మీది మొక్కల్ని ఉంచుతారా, తీసేస్తారా? ఆ ఒక్కటీ చెప్పండి. చెప్పేదాకా కూర్చోను.