అవ్వ ఇచ్చిన వంతు

పోయిన ఆదివారం మా పాత కంప్యూటర్‌ను పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామని దుమ్ము దులుపుతున్నాం. ఇంటర్ చదివే మా అమ్మాయి, ఇచ్చేముందు లోపల ఏముందో చూస్తానని దాన్ని ఆన్ చేసి కూర్చుంది. భోజనానికి పిలిచినా లేవలేదు. ఏడేళ్ల కిందట నేనూ మా పిన్నమ్మ కొడుకూ కలిసి తయారు చేసి, ఎవరికీ అందకుండా వదిలేసిన ఆట ఒకటి ఆమెకు దొరికింది. నేను సాంబారు కలుపుకుంటుంటే ముందుగదిలోంచి కేక వేసింది. "నాయనా, ఈ అవ్వేంది, తన వంతు నాకిచ్చేసింది?" ఎంగిలి చేత్తోనే వెళ్లి చూశాను. ఆ అవ్వను రాసినవాణ్ని నేనే. ఆమె తన వంతు ఎవరికో ఇస్తుందని మాత్రం నాకు తెలియదు.

మా పిన్నమ్మను పులికాట్ ఒడ్డున ఒక పల్లెకు ఇచ్చారు. తమ్ముడు అక్కడ పడవల మధ్య పెరిగి, ఏర్పేడు దగ్గర కంప్యూటర్ చదువు చదివి, తిరుపతిలో మా మేడమీది గదిలో దిగాడు. నేను బళ్లో తెలుగు చెప్పేవాణ్ని. కథలు రాసే జబ్బుండేది గాని చదివే దిక్కు లేదు. వాడికి మాయలూ మంత్రాలూ ఉన్న గేమ్ ఒకటి తెలుగులో చేయాలని పిచ్చి, దానికి కథ లేదు. ఇంకేముంది, బడి వదలగానే నేను మేడెక్కేవాణ్ని. నీట మునిగిన ఒక నగరం, దాన్ని కాపలా కాసే రాక్షసులు, వాళ్ల మీదికి నలుగురు తోడువాళ్లతో బయల్దేరే వీరుడు. కథ నాది, యుద్ధాలు వాడివి. వాడి యుద్ధాల్లో గబగబా మీటలు కొట్టడం ఉండదు. ఒకరి తర్వాత ఒకరు, వంతు వచ్చినప్పుడే కదలాలి. వాళ్ల ఊళ్లో చేపలు బాగా పడే చోట వల వేయడానికి ఇంటింటికీ ఇలాగే వంతుంటుంది, వంతు కానివాడు ఆ చోట వల ముట్టడు. ఇంట్లో కష్టమొచ్చినవాడికి ఇంకొకడు తన వంతు ఇవ్వడమూ ఉందట. "మా నాయనోళ్లు వలేసే లెక్కే ఇదన్నా. ఎవురు ముందు, ఎవురు యాడ నిలబడాల, అంతే" అనేవాడు. అంతే అంటాడు గాని, ఆ గళ్లూ ఆ అంకెలూ చూస్తే నాకు తల తిరిగేది.

నా కథ మాత్రం తక్కువ తిందా? నా వీరుడు బావిలో నీళ్లు తోడుకోవాలన్నా రెండు పేజీల ప్రసంగం వినాల్సిందే. అందరికంటే పెద్ద ప్రసంగం ఆ నలుగురు తోడువాళ్లలో ఒకరైన, పడవ నడిపే అవ్వది. ఆమె పదకొండు తెరల నిండా మాట్లాడుతుంది. వేలు పెట్టి చూపిస్తూ తమ్ముడు, "ఇంతసేపు మాట్లాడితే ఆడేవోడు నిద్రబోతాడన్నా" అనేవాడు. "నీ కొట్లాటల్లో మనిషనేవాడు యాడుండాడప్పా? అన్నీ అంకెలే గదా" అని నేను. ఆటలో ఇది సగం, అది సగం ఉండాలని ఇద్దరం ఒప్పుకునేవాళ్లం. ఎవరి సగం వాళ్లకు ముప్పాతికలా కనిపించేది. చివరికి నా పోరు పడలేక వాడు నాకోసం ఒక మీట పెట్టాడు. యుద్ధం రాగానే అది నొక్కితే చాలు, గెలిచినట్టే లెక్క, కథ ముందుకు పోతుంది. అప్పటినుంచి ఒక్క యుద్ధమూ నేను ఆడిన పాపాన పోలేదు. పైగా వాడు నా కథ చదవడని ఇంట్లో అందరికీ చెప్పుకునేవాణ్ని.

ఆఖరి యుద్ధం మీద వాడు మూడు వారాలు కూర్చున్నాడు. అయ్యాక కిందికి దిగివచ్చి, "ఇదొక్కటి మీట నొక్కకుండా ఆడన్నా" అన్నాడు. ఆడతాలేప్పా అన్నాను. పరీక్ష పేపర్లు దిద్దే పనిలో పడి మర్చిపోయాను. వారం తర్వాత వాడు గుమ్మంలో నిలబడి, "సూసినావా అన్నా?" అని అడిగాడు. తలెత్తకుండానే, "సూసినాను, బాగుండాది" అన్నాను. వాడు ఇంకా ఏదో అంటానని కాసేపు నిలబడి, మేడెక్కి వెళ్లిపోయాడు.

ఆ నెలలోనే గేములు అమ్మే కంపెనీ మనిషి ఒకాయన కొండకు వచ్చి, దర్శనమయ్యాక మా ఆట చూస్తానన్నాడు. హోటల్ గదిలో అవ్వ మాటలన్నీ నేనే చదివి వినిపించాను. ఆఖరి యుద్ధం రాగానే ఆయన ముందుకు వంగి, ఇదేంటని అడిగాడు. "ఇవి ఊరికే పెట్టినామండీ, వద్దనుకుంటే దాటెయ్యొచ్చు" అని మీట నొక్కాను. తమ్ముడు నావైపు చూడలేదు. ఆయన మర్యాదగా కాఫీ తాగించి పంపాడు, మళ్లీ పిలవలేదు. వాడు వారం తిరక్కుండా శ్రీ సిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగం చూసుకుని బట్టలు సర్దుకున్నాడు. ఆయన వద్దన్నందుకు వాడికి మనసు విరిగిందనుకున్నాను. ఆ తర్వాత పెళ్లిళ్లలో, చావుల్లో కనిపించి బాగున్నావా అంటే బాగున్నావా అనుకోవడమే.

ఆదివారం మా అమ్మాయి చేత మళ్లీ ఆడించి, వెనక నిలబడి ఆ యుద్ధాన్ని మొదటిసారి చూశాను. పదకొండు తెరల మధ్యలో ఎక్కడో నేను రాసి మరిచిన వాక్యం ఒకటుంది. కొడుకు ఒకరోజు వంతు అడిగితే అవ్వ ఇవ్వలేదు. వాడు దూరపు నీళ్లకు పోయి తిరిగి రాలేదు. ఇప్పుడు ఓడిపోబోతున్న మా అమ్మాయి పక్కన అవ్వ వంతు వచ్చింది. ఆమె తెడ్డు ఎత్తలేదు, మంత్రం వేయలేదు. వంతు అమ్మాయికి ఇచ్చేసి పడవలో కూర్చుంది. ఒక్క మాట లేదు. నేను పదకొండు తెరల్లో చెప్పలేనిది వాడు అంకెలతో చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది.

చేయి కడుక్కుని ఫోన్ చేశాను. "ఆ దినం సూసినానని సెప్పినాను గదప్పా, అబద్ధం. ఈ పొద్దే సూసినాను" అన్నాను.

"సూడలేదా?" అన్నాడు. "సూసి గూడా ఊరికే పెట్టినామన్నావనుకున్నానే అన్నా, ఇన్నాళ్లూ."

మళ్లీ మొదలుపెడదామా అని అడిగాను. నవ్వాడు. "అదంతా మర్సిపోయినానన్నా. యంత్రాల పనే సరిపోతాంది." మళ్లీ తనే, "పాపకు అవ్వ వంతిచ్చిందా?" అని అడిగాడు.

"ఇచ్చింది."

"అట్లయితే అవ్వ మాటలన్నీ కడదాకా వినుంటాది. వినినోళ్లకే ఇస్తాది అవ్వ" అన్నాడు.

కంప్యూటర్‌ను పాతసామాన్లవాడికి ఇవ్వలేదు. ఆ సాయంత్రం నేనే కూర్చుని, మీట నొక్కకుండా ఆ యుద్ధం ఆడాను. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు అప్పుడు లేవనుకున్నాను, ఏడేళ్లు పోయాయి.