హబ్బుల ఫైలులో నేను రాసిన వాక్యం

చిక్కబళ్ళాపురం వర్క్‌షాపులో మెకానికల్ విభాగం సహాయక కార్యనిర్వాహక ఇంజినీరుగా నేను చేరింది ఒక జూన్ నెల మొదటి సోమవారం. పదవీ విరమణకు అప్పటికి ఆరేళ్ళు మిగిలి ఉన్నాయి. శాఖ పేరు రాయను. నాతో పని చేసినవాళ్ళు ఇంకా అక్కడ ఉన్నారు. నా కింద ఇద్దరు ఫోర్‌మన్లు, తొమ్మిదిమంది మెకానిక్‌లు, నలభై దాకా బండ్లు. వాటిలో ఐదు ఫోర్-వీల్ డ్రైవ్ జీపులు: చిక్కబళ్ళాపురంలో రెండు, బాగేపల్లిలో రెండు, చింతామణిలో ఒకటి. తారురోడ్డు లేని కొండపల్లెలకు నర్సునూ మందుల పెట్టెలనూ చేర్చడం ఆ ఐదింటి పని.

నేను చేరిన ఏడాదే ఆ జీపుల ముందు చక్రాల హబ్బులు మార్చవలసి వచ్చింది. హబ్బు అంటే ఏమిటో చెప్పాలి. ఇలాంటి జీపులో ఇంజను బలం మామూలుగా వెనక చక్రాలకే పోతుంది. బురదలోనో ఏటవాలులోనో డ్రైవరు పక్కనున్న చిన్న గేరు వేస్తే ముందు ఇరుసుకు కూడా అందుతుంది. అయితే ఇరుసు తిరిగినంత మాత్రాన చక్రం తిరగదు. రెంటికీ మధ్య పిడికిలంత పరికరం ఒకటి ఉంటుంది, అదే హబ్బు. అది ఇరుసునూ చక్రాన్నీ కలిపి పట్టుకుంటేనే ముందు చక్రం బండిని లాగుతుంది. మంచి రోడ్డు మీద పట్టు వదిలేస్తే డీజిలు ఆదా, అరుగుదల తక్కువ.

పట్టు వేయడానికి రెండు పద్ధతులున్నాయి. మాన్యువల్ హబ్బయితే డ్రైవరు దిగి, రెండు ముందు చక్రాల దగ్గరా వంగి, హబ్బు మీదున్న బిళ్ళను చేత్తో తిప్పాలి. ఆటోమేటిక్ అయితే చిన్న గేరు వేసి బండి కదిలిస్తే హబ్బు తనంతట తానే పట్టుకుంటుంది. బండి దిశ మారితే వదిలి, మళ్ళీ పట్టుకుంటుంది. ఆ వదిలి పట్టుకోవడం లోపలి పళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయో, ఏ గ్రీజు పూశామో దాన్నిబట్టి ఉంటుంది.

పాత హబ్బులు మాన్యువల్‌వి. కొత్తవి ఏవి వేయాలో తేల్చి నోట్ పెట్టమని మా కార్యనిర్వాహక ఇంజినీరు నాకు రాశారు. ఆయన నా పై అధికారి. ఆయన మనసులో ఏముందో కాగితం మీద లేదు గానీ నోటితో చెప్పారు. తనిఖీకి వెళ్ళిన అధికారులు వానలో జీపులో కూర్చుని ఉంటే డ్రైవరు దిగి చక్రాల దగ్గర తడుముకోవడం చూడటానికి బాగుండదట. ఆటోమేటిక్ ఆధునికమైనదట.

ఆ వారమే బాగేపల్లి జీపు సర్వీసుకు వచ్చింది. దాన్ని తోలే గంగులప్పది ఇరవై రెండేళ్ళ సర్వీసు, వయసులో నాకంటే రెండేళ్ళు పెద్ద. హబ్బులు మారుస్తున్నారని మెకానిక్‌ల దగ్గర విని నా గదిలోకి వచ్చాడు. నేను హాజరు పట్టీల మీద సంతకాలు పెడుతున్నాను. ఆటోమేటిక్ వద్దని, చేత్తో తిప్పితే పట్టుకుందో లేదో చేతికే తెలుస్తుందని, దిగడం తమకేమీ కష్టం కాదని చెప్పాడు. ఇప్పుడు అన్నీ మారాయి గంగులప్పా, కొత్తది అలవాటు చేసుకోవాలి అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు.

సగం పేజీ నోట్ రాశాను. అందులో ఒక వాక్యం: "ఆటోమేటిక్ హబ్బుల విషయంలో డ్రైవరు ప్రత్యేకంగా చేయవలసిందేమీ ఉండదు." కంపెనీ పుస్తకంలో ఉన్నదాన్నే రాశాను. అదే పుస్తకంలో, వాటికి ఒక రకం పలచటి గ్రీజే వాడాలని, చిక్కటి గ్రీజు పెడితే లోపలి పళ్ళు అంటుకుపోతాయని కూడా ఉంది. ఆ గ్రీజు కావాలని స్టోరుకు ఇండెంటు పెట్టాను. స్టోరులో ఉన్న మామూలు గ్రీజే వాడుకోండి అని తిప్పి పంపారు. రెండోసారి పెట్టాను. అదే జవాబు. మూడోసారి పెట్టలేదు. ఐదు జీపులకూ ఆటోమేటిక్ హబ్బులు పడ్డాయి.

మరుసటి సంవత్సరం అక్టోబరులో మూడు రోజులు వాన పట్టింది. గంగులప్ప, నర్సు రత్నమ్మ టీకాల పెట్టెతో పరగోడు దాటి కొండ కింద ఒక పల్లెకు పోయి తిరిగి వస్తున్నారు. దారిలో వంక, అంటే చిన్న వాగు, దాటాక నిలువుగా ఎక్కే ఎర్రమట్టి గట్టు ఒకటి ఉంది. గంగులప్ప వంక ముందే బండి ఆపి చిన్న గేరు వేశాడు. గట్టు సగం ఎక్కాక వెనక చక్రాలు జారాయి. కొంచెం వెనక్కి తెచ్చి మళ్ళీ ముందుకు లాగాడు. అలాంటి చోట ఏ డ్రైవరైనా అదే చేస్తాడు. వెనక్కి కదిలినప్పుడు హబ్బులు పట్టు వదిలాయి. ముందుకు లాగినప్పుడు తిరిగి పట్టుకోవాలి. పట్టుకోలేదు. జీపు అడ్డంగా జారి వంకలో బండ మీద పడింది. గంగులప్ప ఎడమ చీలమండ నుజ్జయింది. రత్నమ్మకు కుడి చెయ్యి విరిగింది. ఊరివాళ్ళు మంచం మీద మోసుకొచ్చి తారురోడ్డు దాకా చేర్చారు.

పది రోజుల్లో గంగులప్పను సస్పెండు చేశారు, ఆయనింకా ఆసుపత్రిలో ఉండగానే. విచారణ నివేదిక సాంకేతిక ఆమోదం కోసం నా బల్ల మీదికి వచ్చింది. నాలుగు పేజీలు. మూడో పేజీలో నా వాక్యం ఉంది, నా హోదాతో సహా. ఆటోమేటిక్ హబ్బుల విషయంలో డ్రైవరు చేయవలసిందేమీ లేదని సహాయక కార్యనిర్వాహక ఇంజినీరే ధ్రువీకరించారు గనుక, ముందు చక్రాలు లాగలేదంటే డ్రైవరు చిన్న గేరు వేయనేలేదని అర్థం, ఇది నిర్లక్ష్యం, అని రాశారు. కింద నా సంతకానికి చోటు వదిలారు.

నా మాటను తాడుగా పేని ఒక మనిషి మెడకు వేశారు, ముడి మాత్రం నన్ను బిగించమంటున్నారు. జీపు హబ్బు విప్పి చూసినట్టు నివేదికలో ఒక్క ముక్క లేదు. జీపు ఉన్న బాగేపల్లి డిపోకు ఎవరూ పోలేదు.

మర్నాడు ఒక ఫోర్‌మన్‌ను తీసుకుని నేను పోయాను. జీపు డిపో ప్రహరీ పక్కన టార్పాలిన్ పట్టా కప్పి ఉంది. నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా జాకీల మీద లేపించాను. ఇంజను దెబ్బ తినలేదు, స్టార్టయింది. చిన్న గేరు, మొదటి గేరు వేయించాను. వెనక చక్రాలు తిరిగాయి, ముందు చక్రాలు రెండూ కదల్లేదు. ఎడమ చక్రం హబ్బు పట్టుకునే ఉంది. కుడి హబ్బు పట్టలేదు, దాని లోపల ఇరుసు కొస ఒట్టిగా గిర్రున తిరుగుతోంది. ముందు ఇరుసులో ఒక పక్క వదులైతే బలమంతా ఆ వదులు వైపే పోతుంది, రెండో చక్రం లాగదు. అంటే ఒక్క హబ్బు పట్టకపోతే రెండూ పట్టనట్టే. విప్పించాను. లోపల మా స్టోరు గ్రీజు మైనంలా గట్టిపడి పళ్ళకు అంటుకుని ఉంది. ఫోర్‌మన్ వేలితో గీకి చూపించాడు. ఆ గ్రీజు పెట్టించింది నేనే.

అక్కడినుంచి రత్నమ్మ ఇంటికి పోయాను. కట్టు మెడకు వేలాడుతోంది. గంగులప్ప చిన్న గేరు వేయడం మీరు చూశారా అని అడిగాను.

"చూసినానమ్మా. వంక కాడ బండి నిలిపి ఏసినాడు. ముందర పచ్చ లైటు కూడా ఎలిగింది. విచారణకు వచ్చినాయప్పకు అదే చెప్పినా. ఆయన రాసుకోలా," అంది.

ఆ పచ్చ దీపం చిన్న గేరు పడిందని మాత్రమే చెబుతుంది. హబ్బు పట్టిందో లేదో దానికి తెలియదు. గంగులప్ప చేయవలసింది చేశాడు, దీపం చూసుకున్నాడు. అంతకుమించి తెలుసుకునే దారి లేకుండా మేమే చేశాం. రత్నమ్మ చెప్పిన మాట నివేదికకు జత చేసిన కాగితాల్లో ఎక్కడా లేదు. కావాలనే వదిలేశారు.

కార్యనిర్వాహక ఇంజినీరు గదిలోకి పోయి, ఈ నివేదిక మీద సంతకం పెట్టనని చెప్పాను. ఆయన కోప్పడలేదు. కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, నెమ్మదిగా మాట్లాడారు. డ్రైవరుకు చిన్న శిక్ష వేసి వదిలేద్దామన్నారు. గ్రీజు సంగతి పైకి పోతే స్టోరు, ఆయన, నేను అందరం జవాబు చెప్పుకోవాలన్నారు.

"నోట్ రాసింది మీరు. గ్రీజు పెట్టించింది మీ వర్క్‌షాపు. ఇది తిరిగి మీ మీదికే వస్తాది, ఆలోచన చేసుకోండమ్మా," అన్నారు.

"రానీండి సార్. నా మీదికి రావాల్సిందే అది. కాలు ఇరిగినోడి మీదికి తోసింది మీరు," అన్నాను. కాఫీ తాగకుండా లేచి వచ్చాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో పై అధికారితో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు, అదే చివర.

ఆ సాయంత్రమే మూడు పేజీల నోట్ రాశాను. మొదటి వాక్యం, నా పాత నోట్ తప్పు అని. తర్వాత జాకీ పరీక్ష ఫలితం, ఫోర్‌మన్ సాక్షి సంతకం, తిప్పి పంపిన రెండు ఇండెంట్ల నకళ్ళు, రత్నమ్మ రాసిచ్చిన వాంగ్మూలం. ఎడమ చేత్తో రాసింది పాపం, అక్షరాలు వంకరగా ఉన్నాయి. నిబంధన ప్రకారం ఫైలు కార్యనిర్వాహక ఇంజినీరు ద్వారానే పైకి పోవాలి. ఆయన దాన్ని ఆరు వారాలు బల్ల మీదే పెట్టుకున్నారు. అడిగినప్పుడల్లా చూస్తున్నానన్నారు. ఏడో వారం ఒక నకలు నేనే రిజిస్టర్డ్ పోస్టులో బెంగుళూరు కార్యాలయానికి పంపాను. అది క్రమశిక్షణ ఉల్లంఘన. మెమో వచ్చింది. నా వార్షిక నివేదికలో ప్రతికూల వ్యాఖ్య పడింది. తర్వాతి పదోన్నతి నాకు రాలేదు, అదే హోదాలో రిటైరయ్యాను. కార్యనిర్వాహక ఇంజినీరు మాత్రం పదోన్నతి మీద మైసూరు వెళ్ళారు.

గంగులప్ప సస్పెన్షన్ అయిదు నెలలకు ఎత్తేశారు. నిర్లక్ష్యం ఆరోపణ కొట్టేశారు గానీ తప్పు ఎవరిదో ఉత్తర్వులో రాయలేదు. చీలమండ వంగక ఆయన క్లచ్చు తొక్కలేడు. గౌరిబిదనూరు గోదాములో కూర్చునే పని ఇచ్చారు. ఉత్తర్వు నకలు తీసుకుని బాగేపల్లిలో ఆయన ఇంటికి నేనే పోయాను. ఆయన భార్య కుర్చీ వేసింది. ఆయన కాగితం చదివి మడిచి పక్కన పెట్టాడు. నోట్ తప్పు రాశానని, నన్ను క్షమించమని అన్నాను.

"తప్పు రాసినారని కాదమ్మా నా బాధ. రాసేకి ముందు మీ కాడికొచ్చి చెప్పినాను. మీరు తల పైకెత్తలా. ఇరవై రెండేండ్లు తోలినోడి మాట మీకు ఇనబడలా," అన్నాడు. గొంతు పెంచలేదు.

ఆ తర్వాత ఐదు జీపులకూ మళ్ళీ మాన్యువల్ హబ్బులే వేయించాను. తారురోడ్డు అయిపోయే చోట బండి ఆపి, బురద కనబడక ముందే రెండూ తిప్పుకోవాలని నియమం పెట్టాను. ఒక్క డ్రైవరూ దిగడానికి విసుక్కోలేదు. విసుక్కున్నదల్లా తనిఖీకి వచ్చిన అధికారులే. ఆటోమేటిక్ హబ్బు చెడ్డ వస్తువని నేను అనను. సరైన గ్రీజు పెట్టి, వేళకు విప్పి కడిగే వర్క్‌షాపు ఉంటే బాగానే పని చేస్తుంది. మాది అలాంటి వర్క్‌షాపు కాదని నాకు తెలుసు. తెలిసీ రాశాను.

రిటైరయ్యాక కూడా కొండల్లో తోటలున్నవాళ్ళు కొందరు బండి కొనేముందు ఏ హబ్బు మంచిదని నన్ను అడుగుతుంటారు. ఆ బండి ఎవరు తోలతారని అడుగుతాను. డ్రైవరు ఉన్నాడంటే, ముందు అతన్ని కూర్చోబెట్టి అడిగి రమ్మంటాను. అడగకుండా వచ్చినవాళ్ళకు నేను సలహా చెప్పను.