తెలుపులో తేడా

వైరా బస్టాండు వెనుక షెడ్డులో కార్లకు రంగులు వేసే అబ్దుల్ సత్తార్ దగ్గర ఎవరైనా "మాది తెల్ల కారు" అంటే చాలు, ఆయన ముఖం మాడిపోతుంది. "ఏ తెలుపు? కొంగ తెలుపా, ముంజ తెలుపా, నాలుగు ఎండాకాలాలు చూసిన తెలుపా?" అని అడుగుతాడు. రంగు డబ్బా మీది నంబరును ఆయన నమ్మడు. కారుకున్న పెట్రోలు మూతను ఊడదీసి చొక్కా జేబులో వేసుకుంటాడు. అదే ఆయనకు నమూనా. రంగు కలిపిన ప్రతిసారీ ఎండలోకి వచ్చి, ఒక కన్ను మూసి, మూత పక్కన పెట్టి చూస్తాడు. చాయ్ తాగేటప్పుడు కూడా ఆ మూత చేతిలోనే ఉంటుంది.

టీచర్ ఉషారాణి తెల్ల కారును భద్రాచలం రోడ్డు మీద బర్రె గుద్దితే ఒక డోరు మార్చాల్సి వచ్చింది. కొత్త డోరుకు రంగు కుదిరేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆమె రెండు బస్సులు మారి బడికి వెళ్ళింది. ఐదో రోజు పొద్దున్నే వచ్చి, వంగి చూసి, పక్కనుంచి చూసి, రెండు డోర్లనూ చేత్తో తడిమింది.

"ఏది కొత్తదో తెలుస్తలేదు భాయ్," అంది.

సత్తార్ గడ్డం సవరించుకుని, తనకేమీ పట్టనట్టు ఆకాశం వైపు చూశాడు. ఆమె కారు వెనక్కి నడిచి ఆగిపోయింది.

"మరి ఇక్కడ ఈ బొక్క ఏంది?"

సత్తార్ జేబులోంచి మూత తీశాడు. బిగించబోతూ, అలవాటు కొద్దీ ఎండలో కారు పక్కన పెట్టి ఒక కన్ను మూశాడు. ముఖం మాడిపోయింది.

"ఈ మూతనే కొంచెం పసుపు కొడ్తున్నది మేడం. రేపు రాండి."